అహ్మదిలో వాన పాఠం

రెండు నెలల కింద ఒక శుక్రవారం పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. శుక్రవారం ఇక్కడ సెలవు. తొమ్మిదిదాకా నేను లేవనని తనకు తెలుసు. అయినా చేసింది.

"ఒరేయ్, కువైట్‌లో టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పిలిచినారు. సిబిఎస్ఈ బడి. మీ అహ్మది పక్కనే అంట. ఏమేం రెడీ చేసుకోవాలో చెప్పు."

నిద్రమత్తులోనే వాట్సాప్‌లో ఒక లిస్టు పంపాను. డిగ్రీ, బి.ఎడ్ సర్టిఫికెట్లకు రాష్ట్ర ప్రభుత్వం ముద్ర, ఆ తర్వాత విదేశాంగ శాఖ ముద్ర, చివరికి కువైట్ ఎంబసీ ముద్ర. వాళ్లు చెప్పిన సెంటర్‌లోనే మెడికల్. సంతకం పెట్టే ముందు కాంట్రాక్టు మొత్తం చదవడం. ఇక్కడికొచ్చాక పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకపోవడం. మొత్తం పదకొండు పాయింట్లు.

అక్క అంతా చదివి, "ఇవన్నీ కాగితాలు కదరా. నేనేం రెడీ చేసుకోవాలని అడిగినా" అంది.

ఆ మాట వారం రోజులు నా వెంట తిరిగింది. సమాధానం కోసం వెతుకుతుంటే అది మా ఇంట్లోనే దొరికింది.

మాది రాజంపేట దగ్గర పల్లె. 1996లో మా అమ్మ కువైట్‌కి ఇంటిపనికి వచ్చింది. మద్రాసు నుంచి బొంబాయి పోయే రైలు మా ఊరి మీదుగానే వెళ్తుంది. అమ్మ ఆ రైలెక్కిన రోజు అక్కకి పన్నెండేళ్లు, నాకు ఎనిమిది. నాన్న అంతకు ముందే పోయాడు. మేం అమ్మమ్మ, తాతల దగ్గర పెరిగాం. అమ్మ ఉత్తరం రాస్తే అమ్మమ్మకి చదివి వినిపించేది అక్కే. అమ్మమ్మ చెప్పే జవాబు రాసేదీ అక్కే.

చాలా ఏళ్ల తర్వాత నాకొక సంగతి తెలిసింది. అక్క ఆ ఉత్తరాలు పూర్తిగా చదివేది కాదు. బాత్రూములు కడిగే మందుకి చేతులు పగిలాయని అమ్మ రాస్తే, అక్క ఆ లైను దాటేసి "నేను బాగున్నాను, మీరు బాగున్నారని తలుస్తాను" అని పైకి చదివేది. నాలుగు నెలలుగా జీతం రాలేదని రాస్తే అదీ మింగేసేది. అమ్మమ్మ ఏడవకుండా అన్నం తినాలి. అంతే తన లెక్క.

అటు నుంచి ఇటు ఒక అబద్ధమైతే, ఇటు నుంచి అటు ఇంకొకటి. తాత మంచాన పడ్డప్పుడు అమ్మమ్మ "అది రాయొద్దు, ఆడ ఒక్కతే కూసోని ఏడుస్తాది" అంది. అక్క రాయలేదు. తాత పోయిన నెలన్నరకి, ఊరి నుంచి కొత్తగా వచ్చిన ఒకామె చెబితే అమ్మకి తెలిసింది. 2003లో అమ్మ తిరిగొచ్చింది. ఆ సంగతి గురించి అక్కని ఒక్క మాట కూడా అనలేదు. అక్క మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు.

నేనిప్పుడు అదే దేశంలో, ఏసీ గదిలో కూర్చుని సర్వర్లు చూసుకుంటున్నాను. అహ్మది గురించి రెండు మాటలు చెప్పాలి. 1938లో బుర్గాన్ దగ్గర చమురు పడింది. 1946లో మొదటి ఓడ కదిలింది. ఆ తర్వాత కువైట్ ఆయిల్ కంపెనీ తన ఉద్యోగుల కోసం ఎడారిలో ఒక గుట్ట మీద కట్టిన ఊరు ఇది. అప్పటి అమీర్ షేక్ అహ్మద్ పేరు పెట్టారు. గుట్ట మీదే ఎందుకంటే, చమురు ట్యాంకులు ఎత్తు మీద ఉంటే పంపుల అవసరం లేకుండా చమురు దానంతటదే పల్లానికి పారి రేవులోని ఓడల్లోకి చేరుతుంది. బంగళాలు, తోటలు, చెట్లు వరసగా ఉన్న వీధులు. కొత్తగా వచ్చినవాళ్లు ఇది కువైటేనా అని అడుగుతారు.

ఈ దేశానికి పాఠం చెప్పడానికి బయటి నుంచి మనుషులు రావడం కొత్త కాదు. ఇక్కడి మొదటి ఆధునిక బడి ముబారకియా 1911లో మొదలైంది. 1936లో పాలస్తీనా నుంచి టీచర్ల మొదటి జట్టు వచ్చింది. ఆ తర్వాత అదే దారిలో వేలమంది వచ్చారు. వాళ్లలో ఒకడు ఘస్సాన్ కనఫానీ. అరబిక్ కథలు చదివేవాళ్లకి తెలిసిన పేరే. కువైట్‌కి దొంగచాటుగా రావాలని ట్యాంకర్‌లో దాక్కున్న ముగ్గురు మనుషుల మీద 1963లో ఆయన రాసిన 'మెన్ ఇన్ ది సన్' చిన్న నవలే, కానీ చదివాక నిద్ర పట్టదు.

కనఫానీ 1936లో పుట్టాడు. 1948లో కుటుంబం ఊరొదిలి పారిపోయేనాటికి పన్నెండేళ్లు. కొన్నాళ్లకు డమాస్కస్‌లో శరణార్థుల పిల్లలకి బడిలో బొమ్మలు వేయడం నేర్పే పని దొరికింది. సిలబస్ ప్రకారం ఒకరోజు బోర్డు మీద ఆపిల్, అరటిపండు వేశాడు. ఆ పిల్లలకీ ఆ బొమ్మలకీ ఏ సంబంధమూ లేదని అప్పుడు తట్టిందట. బోర్డు తుడిచేసి, మీరుండే క్యాంపు బొమ్మ వేయండి అన్నాడు. తర్వాత ఇన్‌స్పెక్టర్ వచ్చి సిలబస్ తప్పావని తప్పుపట్టాడు. 1950ల మధ్యలో ఆయన కువైట్‌కి టీచరుగా వచ్చాడు. ఆయన కంటే ముందే ఇక్కడికి వచ్చినవాళ్లలో ఆయన అక్క కూడా ఉంది.

ఈ సంగతి అక్కకి చెప్పాను. కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "డెమో క్లాసు ఉందిరా. ఐదో తరగతికి నీటి చక్రం చెప్పమన్నారు. మన ఊళ్లో అయితే చెరువు, మబ్బు, వాన అని బొమ్మ గీస్తాను. అక్కడ వానలే సరిగ్గా ఉండవంటివి. మరి ఆ పిల్లోళ్లు తాగే నీళ్లు ఎక్కడివి?" అంది.

చెప్పాను. ఇక్కడ నది లేదు. ఒకప్పుడు షట్ అల్ అరబ్ నుంచి పడవల్లో మంచినీళ్లు తెచ్చుకునేవాళ్లు. 1953లో ప్రభుత్వం షువైఖ్‌లో ఉప్పునీటిని మంచినీరు చేసే ప్లాంటు పెట్టింది. సముద్రపు నీటిని కాచి, ఆవిరి పట్టి, చల్లార్చి నీళ్లు చేస్తారు. ఇవాళ్టికీ కుళాయిలో వచ్చేది సముద్రమే.

"ఆవిరి పట్టి చల్లార్చేది... మబ్బు చేసే పనే కదరా అది!"

డెమోలో అక్క చెరువు గీయలేదు. ముందుగా ఒక కుళాయి బొమ్మ గీసి, ఈ నీళ్లు ఎక్కడివో చెప్పండి అని అడిగింది. కుళాయి నుంచి ప్లాంటుకి, ప్లాంటు నుంచి సముద్రానికి, అక్కణ్ణుంచి మబ్బుకి తీసుకెళ్లి, చివర్లో రాజంపేట వాన కురిపించింది. మధ్యలో, 2016 జులైలో ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీల ఎండ కాసింది కదా, అంత ఎండలో గిన్నెడు నీళ్లు బయట పెడితే ఏమవుతాయని అడిగిందట. స్క్రీన్ అవతల ముగ్గురు పెద్దవాళ్లు పిల్లల్లా పోటీపడి జవాబు చెప్పారని నవ్వుతూ చెప్పింది.

ఆఫర్ వచ్చింది. ఇక అసలు కష్టం మొదలైంది.

అక్క కొడుక్కి ఇప్పుడు పన్నెండేళ్లు. బావ వ్యవసాయం, బోర్ల అప్పు. వచ్చీరాగానే పిల్లాణ్ణి తెచ్చుకోవడం కుదరదు. ఫ్యామిలీ వీసాకి జీతం లెక్కలుంటాయి, రూల్స్ ఎప్పటికప్పుడు మారుతుంటాయి. కనీసం మొదటి ఏడాది వాడు అమ్మ దగ్గర ఉండాలి. ఒకప్పుడు మమ్మల్ని వదిలిపెట్టి వెళ్లిన అమ్మ దగ్గరే.

"రావొద్దులే అక్కా" అన్నాను ఒకరోజు. నిజంగానే అన్నాను.

"నువ్వు లిస్టు రాసిస్తివి కదా. అందులో లేనిది ఒకటి నా దగ్గర ఉంది. వదిలేసిన పిల్లోళ్లకి ఎట్లుంటుందో నాకు తెలుసు. ఆ బడిలో పిల్లోళ్లలో ఎవరైనా 'బాగున్నా మిస్' అంటే అది నిజమో కాదో కూడా తెలుస్తుంది. ఏడేళ్లు ఆ అబద్ధం చదివిన నోరు ఇది."

అప్పుడు నాకు అర్థమైంది. మా సర్టిఫికెట్ల మీద ఎన్ని ముద్రలు పడినా, పరాయి చోట ఒక క్లాసు ముందు నిలబడడానికి కావలసింది వేరే. ఎప్పుడో ఒకసారి మనం కూడా ఆ బెంచీ మీద, చెప్పేది మన గురించి కాదని తెలుస్తూ కూర్చుని ఉండాలి. ఇంటి మాటని ఇంకొకరికి అర్థమయ్యేలా మార్చి చెప్పి ఉండాలి. ఆ మార్చడంలో ఏం పోయిందో కూడా తెలిసి ఉండాలి. అక్క ఇవన్నీ పన్నెండేళ్లకే చేసింది. అప్పట్లో దాన్ని మేం కష్టం అన్నాం, అనుభవం అనలేదు. కష్టపడ్డవాళ్లంతా మంచి టీచర్లవుతారని నేననను. అక్క ఆ కష్టాన్ని దాచిపెట్టకుండా తిరిగి చూసుకుంది. తేడా అక్కడుంది.

పోయిన ఆదివారం అక్క కొడుకుని కూర్చోబెట్టి ఉత్తరాల సంగతి మొత్తం చెప్పిందట. దాటేసిన లైన్లు, తాత జబ్బు, అన్నీ. అమ్మ పక్కనే ఉంది. ఇరవై ఏళ్లుగా ఎత్తని ఆ మాట అప్పుడు ఎత్తింది. "నువ్వు రాసి ఉన్నా నన్ను పంపేవాళ్లు కాదులే తల్లీ. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉండె" అంది.

వాడు అంతా విని ఒకటే అడిగాడు. "వీడియో కాల్‌లో నువ్వు నిజమే చెప్తావా?"

"చెప్తా. నువ్వు?"

"నేనూ చెప్తా. కానీ మార్కులు మాత్రం అడగొద్దు."

సెప్టెంబర్‌లో బడి తెరుస్తారు. అక్క ఆగస్టు చివర్లో వస్తుంది. నేను ఎయిర్‌పోర్టుకి వెళ్తాను. అమ్మ దిగినప్పుడు ఎదురుచూసే సొంతమనిషి ఎవరూ లేరు. ఈసారి ఒకడున్నాడు.