తలకిందులుగా వేలాడితే మూత్రం వెనక్కి పోతుందా?

చింతకొమ్మకు కాళ్లు మెలేసి తలకిందులుగా ఊగుతున్నావు. పొట్టలో ఉన్న మూత్రం మళ్లీ కిడ్నీల్లోకి జారిపోదా? చాలా మంచి ప్రశ్న!

వెన్నెముకకు అటూ ఇటూ ఉన్న కిడ్నీలు రక్తాన్ని వడకట్టి మూత్రం తయారుచేస్తాయి. అది రెండు సన్నని గొట్టాల్లోంచి మూత్రాశయానికి చేరుతుంది. పెద్దవాళ్లలో ఒక్కో గొట్టం సుమారు 25 సెంటీమీటర్లు. ఆ గొట్టాలు అలలు అలలుగా ముడుచుకుంటూ మూత్రాన్ని ముందుకు నెడతాయి. నువ్వు ఎటు తిరిగినా సరే! అసలు అద్భుతం చివర్లో ఉంది. గొట్టం మూత్రాశయం గోడలోకి నేరుగా కాక ఏటవాలుగా దూరుతుంది. మూత్రాశయం నిండేకొద్దీ లోపలి ఒత్తిడికి గోడలో ఉన్న ఆ గొట్టం ముక్క అణిగిపోతుంది. మొక్కలకు నీళ్లు పట్టే పైపును కాలితో తొక్కినట్టు, దారి మూసుకుపోతుంది.

ఈ ఏర్పాటంతా అమ్మ కడుపులోనే జరుగుతుంది. కొందరు పిల్లల్లో ఆ ముక్క పొట్టిగా ఏర్పడి, మూత్రం వెనక్కి తన్నుతుంది. దాంతోపాటు సూక్ష్మక్రిములు పైకెక్కితే చలితో జ్వరం వస్తుంది, కిడ్నీకి మచ్చలు పడే ప్రమాదమూ ఉంది. చాలామందిలో ఒళ్లు పెరిగేకొద్దీ ఆ ముక్కా సాగి, ఇబ్బంది దానంతటదే పోతుంది. కొందరికి మందులు కావాలి, కొద్దిమందికి ఆపరేషన్. మూత్రం పోసేటప్పుడు మంటగా ఉంటే, సిగ్గుపడకుండా ఆ రోజే అమ్మకు చెప్పు. డాక్టరు మొదట అడిగేది చిన్న సీసాలో కాస్త మూత్రమే.