ఆరేళ్ళా, నాలుగేళ్ళా?

పోయిన దీపావళి విందులో భోజనాల వరుసలో ఉండగా ఒక మిత్రులు నన్ను పక్కకు పిలిచారు. "డాక్టరు గారూ, మా అమ్మాయి డెంటల్ స్కూలు ఆఖరి సంవత్సరం. ఓరల్ సర్జరీ చేస్తానంటోంది, సంతోషమే. కాని ఎమ్.డి. కూడా వచ్చే ఆరేళ్ళ ప్రోగ్రాము ఉండగా, నాలుగేళ్ళదే చాలంటోంది. మీరైనా కాస్త చెప్పండి" అన్నారు. ఆ గొంతు వింటే అమ్మాయి చదువే మానేస్తానందేమో అనిపించింది.

ఇరవై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. ఇదే ప్రశ్న మరో ఇద్దరు ముగ్గురు కూడా అడిగారు. అందుకని సంపాదకుల కోరికపై నాకు తెలిసింది రాస్తున్నాను.

మనవైపు పళ్ళ డాక్టరంటే పళ్ళు పీకేవాడనే ఇప్పటికీ చాలామంది లెక్క. ఓరల్ సర్జన్లు జ్ఞానదంతాలు తీసే మాట నిజమే. కాని కారు ప్రమాదాల్లో విరిగిన దవడలు అతికేది, వంకర దవడలు కోసి సరిచేసేది, నోటిలో కణితులు తీసేది కూడా వాళ్ళే. ఇక్కడి వృత్తి సంఘం పేరులో "మాక్సిల్లోఫేషియల్" అన్న మాట 1978లోనే చేరింది.

సీటు సులభం కాదు. డెంటల్ బోర్డు పరీక్షలు 2012 నుంచి పాస్-ఫెయిల్ అయిపోయాయి. అప్పటినుంచి ప్రోగ్రాములవారు సి.బి.ఎస్.ఇ. అనే వైద్యశాస్త్ర పరీక్ష మార్కులు చూస్తున్నారు. (మన పిల్లల బడి బోర్డు కాదు లెండి!)

ఇక అసలు సంగతి. నాలుగేళ్ళ దారిలో సర్టిఫికెట్ ఇస్తారు. ఆరేళ్ళ దారిలో మధ్యలో మెడికల్ స్కూలు, కొంతకాలం జనరల్ సర్జరీ కూడా ఉంటాయి. కాని ఓరల్ సర్జరీ విభాగంలోనే కనీసం 30 నెలలు పనిచేయాలన్న నియమం రెంటికీ ఒకటే. ఆఖర్న రాసే స్పెషాలిటీ బోర్డు పరీక్షా ఒకటే. బల్లమీద పడుకున్న రోగికి తేడా తెలియదు.

మరి ఎమ్.డి. వ్యర్థమా అంటే, కాదు. తల, మెడ కేన్సర్ సర్జరీలో ఫెలోషిప్పు చేయాలన్నా, పెద్ద యూనివర్సిటీలో స్థిరపడాలన్నా అది బాగా పనికొస్తుంది. కాలిఫోర్నియాలో డెంటల్ లైసెన్సు మాత్రమే ఉన్నవారు ముఖ సౌందర్యానికి సర్జరీ చేయాలంటే వేరే పర్మిట్ తెచ్చుకోవాలి. ఇంగ్లండులోనైతే వాదనే లేదు, రెండు డిగ్రీలూ ఉండాల్సిందే. లండనులోని బావగారి మాట విని ఇక్కడి లెక్క వేయకండి.

అప్పు మాట కూడా చెప్పాలి. రెసిడెన్సీలో జీతం ఇస్తారు గాని, మెడికల్ స్కూలు సంవత్సరాలకు చాలాచోట్ల ఎదురు ఫీజు కట్టాలి. డెంటల్ స్కూలు నుంచి మూడు లక్షల డాలర్ల అప్పుతో బయటపడటం అరుదేమీ కాదు. 2025లో చేసిన చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి ప్రభుత్వం ఇలాంటి చదువులకు ఏడాదికి 50,000, మొత్తం మీద 2,00,000 డాలర్లకు మించి ఇవ్వదు. పిల్లలు ఇంకా హైస్కూల్లో ఉన్నవారు ఇది మరీ గమనించాలి. ఎమ్.డి. మీద మోజు పిల్లదా, మనదా అని ఇంట్లో ఒకసారి అడిగి చూసుకోవడం మంచిది. ఎందుకంటే అప్పు మాత్రం పిల్ల పేరు మీదే ఉంటుంది.

చదువు అయ్యాక ఎక్కడ పనిచేయాలన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. దాన్ని ఎవరూ అడగరు. సొంత ఆఫీసులో జ్ఞానదంతాలు, ఇంప్లాంట్లు చేసుకుంటే రాబడి బాగుంటుంది, రాత్రిళ్ళు నిద్రా ఉంటుంది. ఆసుపత్రిలోనైతే తెల్లవారుజామున మూడింటికి విరిగిన దవడకు పిలుపొస్తుంది, రాబడి తక్కువ. దవడ సరిచేసే పెద్ద ఆపరేషన్లకు ఇన్సూరెన్సు వాళ్ళిచ్చేది చూసి, నేర్చుకున్న విద్యను వదిలేసినవారు నాకు తెలుసు. నేనూ సగం వదిలేశాను. ఆ బెంగ నాకిప్పటికీ ఉంది.

నా తప్పొకటి చెబుతాను. రెసిడెన్సీ కాగానే ఒక ఆఫీసులో చేరాను. రెండేళ్ళలో భాగస్వామిని చేస్తామన్నారు, నోటిమాటగా. మూడో ఏడు కూడా గడిచింది, లెక్కల పుస్తకం చూపించలేదు. బయటికొస్తే పదిహేను మైళ్ళ లోపల ప్రాక్టీసు పెట్టకూడదన్న షరతు మాత్రం కాగితం మీద ఉంది. సంతకం చేసినవాణ్ణి నేనే కదా! ఇల్లు అమ్ముకుని, పిల్లల బడి మార్చుకుని వేరే ఊరు వెళ్ళాం. మా ఆవిడ ఆ మాట ఇప్పటికీ ఎత్తుతుంది. ఈ రోజుల్లో పెట్టుబడి సంస్థలు కూడా ఆఫీసులు కొంటున్నాయి. కనుక సంతకానికి ముందు లాయరుకు వెయ్యి డాలర్లిచ్చినా దండగ కాదు.

ఇండియాలో బి.డి.ఎస్. చేసి ఇక్కడికి వచ్చిన మన అమ్మాయిలు, కోడళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకు మామూలు దారి రెండు మూడేళ్ళ అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ కోర్సు చేసి ఇక్కడి డిగ్రీ తీసుకోవడం. ఓరల్ సర్జరీ మీద పట్టుదల ఉంటే ఏడాది నాన్-కేటగారికల్ ఇంటర్న్‌షిప్ అని ఒకటుంది. చాకిరీ ఎక్కువ, తర్వాత సీటు ఇస్తామన్న హామీ ఉండదు. కాని అక్కడ మనల్ని చూసినవాళ్ళే రేపు ఉత్తరం రాసిస్తారు.

మా మిత్రుల అమ్మాయి మ్యాచ్‌కు జాబితా పంపింది. మొదటి మూడూ నాలుగేళ్ళవి, చివరిది ఆరేళ్ళది. ఫలితాలు జనవరి ఆఖరున వస్తాయి. వాళ్ళ నాన్నగారు ఆ చివరిదాని కోసమే మొక్కుకున్నారని నా అనుమానం.