తొడ దారిన గుండె దాకా

గుండె ఎడమ గది నుంచి రక్తం ఒళ్లంతటికీ బయలుదేరే చోట మూడు రెక్కల తలుపు లాంటిది ఒకటుంది. అదే బృహద్ధమని కవాటం. రోజుకు దాదాపు లక్షసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. వయసు పైబడ్డాక కొందరిలో ఆ రెక్కల మీద కాల్షియం పేరుకుంటుంది. 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్లుండే దారి ఒక చదరపు సెంటీమీటరు కూడా మిగలదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం, గుండెల్లో నొప్పి, ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోవడం మొదలవుతాయి. మందులతో ఆ రెక్కలు మళ్లీ మెత్తబడవు.

కవాటం మార్చాలంటే 1960ల నుంచీ చాలాకాలం ఉన్న మార్గం ఒక్కటే. రొమ్ము ఎముక కోసి, గుండెను ఆపి, రక్తప్రసరణను యంత్రానికి అప్పగించి కొత్తది కుట్టాలి. ఆ ఆపరేషన్ లక్షలమందిని నిలబెట్టింది. కానీ ఎనభై దాటినవారిని, ఊపిరితిత్తులో మూత్రపిండాలో దెబ్బతిన్నవారిని సర్జన్లు తరచూ వెనక్కి పంపేవారు. ఆ ఒళ్లు అంత కోతను తట్టుకోలేదన్నది వారి భయం. తొడలోంచి వెళ్లే కవాటం పుట్టింది అలా వెనక్కి వెళ్లినవారి కోసమే.

ఫ్రాన్స్‌లోని రువాన్ నగరంలో అలాన్ క్రిబియే అనే గుండె వైద్యుడు 1985లో ఒక ప్రయత్నం చేశాడు. రక్తనాళం గుండా బెలూన్ పంపి, బిగుసుకుపోయిన కవాటం మధ్య ఉబ్బించాడు. రోగి పరిస్థితి మెరుగైంది. అయితే ఈ పద్ధతిలో చాలామందికి కొన్ని నెలల్లోనే దారి మళ్లీ మూసుకుపోయేది. తెరిచిన దారిని తెరిచే ఉంచేదేదో లోపల నిలవాలని క్రిబియేకు అర్థమైంది.

అటు డెన్మార్క్‌లో హెన్నింగ్ రూడ్ ఆండర్సన్ అనే యువ వైద్యుడిదీ అదే దారి. 1989 ఫిబ్రవరిలో అమెరికాలో గుండె ధమనుల స్టెంట్ల మీద ఒక ప్రసంగం విన్నాడు. స్టెంట్‌ను పెద్దది చేసి లోపల కవాటం అమరిస్తే సరిపోదా అనిపించింది. ఇంటికి తిరిగొచ్చి ఉక్కు తీగను చేత్తోనే వంచి చట్రం కట్టాడు. మాంసం కొట్టు నుంచి పంది గుండెలు తెచ్చి, వాటి కవాటాన్ని ఆ చట్రంలో కుట్టాడు. రెక్కలు కలిసే మూడు చోట్ల పట్టు ఉండాలని తీగ మెలికల్లో మూడింటిని మిగతావాటికంటే ఎత్తుగా వంచాడు. అదే ఏడాది మే 1న దాన్ని బతికున్న పందిలో అమర్చాడు. కవాటం పనిచేసింది. ఆ పరిశోధన పత్రాన్ని మాత్రం పెద్ద పత్రికలు తిప్పి పంపాయి. చివరికి 1992లో అచ్చయింది.

కంపెనీలూ ముందుకు రాలేదు. గుండెకే రక్తమిచ్చే ధమనుల మూతులు అక్కడే ఉంటాయి, చట్రం వాటిని మూసేస్తుందన్నారు. కాల్షియం ముక్క ఊడి మెదడుకు చేరితే పక్షవాతమే అన్నారు. నిజమైన భయాలే అవి. క్రిబియే వాటికి ఒక్కొక్కటిగా జవాబు వెతికాడు. 2002 ఏప్రిల్ 16న, రక్తపోటు పూర్తిగా పడిపోయి ఏ సర్జనూ చేపట్టలేని 57 ఏళ్ల మనిషికి, ఆవు గుండెపొరతో చేసిన మూడు రెక్కల కవాటాన్ని రువాన్‌లో అమర్చాడు. కాలి ధమనులు పాడైనందున సిర గుండా వెళ్లి, గుండె గదుల మధ్య గోడ దాటి అక్కడికి చేరాడు. వేరే జబ్బులతో ఆ రోగి కొన్ని నెలలకే చనిపోయినా, కవాటం చివరిదాకా పనిచేసింది.

ఇప్పుడు ఎక్కువగా వెళ్లేది తొడ ధమనిలోంచే. బెలూన్‌తో విప్పే రకంలో కవాటాన్ని బెలూన్ మీద నొక్కి సన్నగా చేసి, ఎక్స్‌రే తెర చూస్తూ పైకి నడుపుతారు. సరిగ్గా విప్పే క్షణంలో రక్తం ఉరవడి దాన్ని తోసేయకూడదు. అందుకే పేసింగ్ తీగతో గుండెను నిమిషానికి 180 సార్లకు పైగా కొట్టుకునేలా పరుగెత్తిస్తారు. అంత వేగంలో గుండె రక్తాన్ని గట్టిగా నెట్టలేదు. ఆ కొద్ది సెకన్లలో బెలూన్ ఉబ్బుతుంది, చట్రం విప్పుకుంటుంది, పాత రెక్కలు గోడకు అణిగిపోతాయి. కుట్టు ఒక్కటీ ఉండదు. కీడు చేసిన ఆ కాల్షియమే కొత్త చట్రాన్ని గట్టిగా పట్టుకుంటుంది.

ఎక్కువగా అమెరికాలో, ఆపరేషన్‌కు పనికిరారన్న 358 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి. మామూలు చికిత్స పొందినవారిలో ఏడాదికల్లా 50.7 శాతం మంది చనిపోతే, కొత్త కవాటం పొందినవారిలో 30.7 శాతం. పక్షవాతం మాత్రం రెండో గుంపులోనే ఎక్కువ కనిపించింది. పరికరాలు సన్నబడి, వైద్యుల చెయ్యి తిరిగాక ఆ ముప్పు తగ్గింది. 2019 నాటికి అమెరికాలో ఆపరేషన్ ముప్పు తక్కువున్నవారికీ అనుమతి దొరికింది. కొందరికి తర్వాత పేస్‌మేకర్ పెట్టాల్సి రావడం, చిన్న వయసువారిలో ఎన్నేళ్లు మన్నుతుందన్నది ఇంకా తేలకపోవడం దీనికున్న హద్దులు. కీళ్లజ్వరంతో పాడైన కవాటాల్లో కాల్షియం తక్కువగా ఉంటే చట్రానికి పట్టు దొరకదు. అలాంటి కవాటాలు ఎక్కువగా కనిపించే మన దేశానికి ఇది పెద్ద లోటే.

గుజరాత్‌లోని వాపిలో ఇప్పుడు మన కవాటం తయారవుతోంది. అయినా చికిత్సకయ్యే ఖర్చు సామాన్య కుటుంబం మోయగలిగేది కాదు. ఒకప్పుడు వయసూ జబ్బూ చూసి వెనక్కి పంపినవారి కోసం పుట్టిన కవాటమిది. ఇవాళ డబ్బు లేదని మనిషిని వెనక్కి పంపుతున్నామంటే ఆ పని సగంలోనే ఉన్నట్టు. ప్రభుత్వ ఆసుపత్రిలో, ఆరోగ్య పథకం కింద ఇది దొరికేలా చేయడం మిగిలిన సగం. ఆ బాధ్యత మనది.