భవనాశి యొడ్డున రెండు మద్దులు

నంద్యాలనుండి ఆళ్లగడ్డ మీదుగా అహోబిలము చేరువారిలో పెక్కుమంది చూపు కొండశిఖరముల మీదనే నిలుచును. ఎగువ అహోబిలమున రాళ్లనడుమ సాగు భవనాశి యొడ్డున కొంతసేపు కూర్చున్న విద్యార్థికి వేఱొక పాఠము దొరకును.

నీటి యంచున పెరుగునది తెల్లమద్ది. ఏఱుమద్ది యనియు దీనినే పిలుతురు. నునుపైన పాలిపోయిన బెరడు పెద్ద పొరలుగా ఊడిపోవుచుండును. ఆకు మొదట చిన్న గ్రంథులు రెండు కనబడును.

వాలుమీద నల్లమద్ది పెరుగును. రెండును టెర్మినాలియా ప్రజాతివే యైనను పోలిక మాత్రము తక్కువ. దీని బెరడు నల్లగా, దళసరిగా, మొసలివీపువలె గళ్లుగళ్లుగా పగిలియుండును. కార్చిచ్చు రేగినప్పుడు చెట్టును కాచునది అదియే. కొన్ని నల్లమద్దులు కాండమునందే నీరు దాచుకొనుట ఇంకొక వింత.

వేసవిలో నల్లమద్ది ఆకులు రాల్చి మోడై నిలుచును. తెల్లమద్ది ఆకు మార్చుకొన్నను త్వరలోనే చిగిర్చును. వాగు పైకి ఎండినను ఇసుక క్రింది తేమ దాని వేళ్లకు అందుచుండును. కావున కొండమీదినుండి చూచువానికి నీరు కనబడకున్నను వాగు పోయిన త్రోవ పచ్చని గీతగా తెలియును. ఇంతకన్న చక్కని భూగోళపటము ఏ బడిలో దొరకును?

జె. ఎల్. ఎల్లిస్ నల్లమల వృక్షజాతులపై రచించిన గ్రంథము తొలి సంపుటము 1987లో వెలువడినది. అది చేతలేనివారికి నేలరాలిన కాయలు రెండు చాలును. కొమ్మ విఱువ నక్కఱలేదు. రెంటికిని అయిదేసి రెక్కలు. తెల్లమద్ది కాయ రెక్కలు ఇఱుకైనవి, గట్టివి. అది నీట తేలి దిగువకు పోవును. నల్లమద్దివి వెడల్పైనవి, ఆ కాయను గాలి మోసికొనిపోవును.