బాపు కాలికి ఐసు బూట్లు

మా బాపు పాదం మడమ దగ్గర సన్నగా, వేళ్ల దగ్గర విసనకర్రలా వెడల్పుగా ఉంటుంది. బయ్యారం పెద్దచెరువు కట్ట మీద, మత్తడి బండల మీద ఏళ్ల తరబడి చెప్పుల్లేకుండా తిరిగిన పాదం అది. ఆ పాదానికి మిన్నెసోటాలో బూట్లు కొనడానికి నాకు ఒక శనివారమంతా పట్టింది.

గడ్డకట్టిన చెరువు మీద నిలబడి చేపలు పడతారని ఫోన్లో చెబితే బాపు నమ్మలేదు. డిసెంబరులో అమ్మతో వచ్చి, ఐసు మీద జనం నడుస్తుంటే చూసి, ‘నన్నూ తీస్కపో బిడ్డా’ అన్నాడు. మా చెరువుది కాకతీయుల కాలం. గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబ తవ్వించింది, ధర్మకీర్తి సముద్రమని శాసనంలో పేరు. ఆ నీళ్లలో మొలలోతున నిలబడి వల విసిరిన మనిషిని ఇంట్లో కూర్చోబెట్టడం నాకు చేతకాలేదు. లైసెన్సు తీసుకున్నాం. మిగిలింది బూట్లు.

బూట్ల విషయంలో నాకు భయం ఉంది. ఇక్కడికి వచ్చిన మొదటి చలికాలం, మంచి బూట్లే కొన్నాననుకుని రెండు జతల నూలు సాక్సుల మీద బిగించి ఐసు మీదికి వెళ్లాను. అరగంటసేపు నొప్పి పెట్టింది. తర్వాత నొప్పి పోయింది. పోయినందుకు సంతోషపడ్డాను, అదే తప్పు. బండిలోకి వచ్చి బూటు విప్పితే రెండు వేళ్లు కొవ్వొత్తి రంగులో ఉన్నాయి. అలాంటప్పుడు రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు. గోరువెచ్చని నీళ్లలో ఉంచి డాక్టరుకు చూపించాలి. వేళ్లు దక్కాయి కానీ ఇప్పటికీ అవి మిగతావాటికంటే ముందే చల్లబడతాయి.

తప్పు బూటుది కాదు, బిగుతుది. బూటు వేడిని పుట్టించదు. ఒంట్లో పుట్టిన వేడిని నెత్తురు వేళ్ల దాకా మోసుకొస్తే, బూటు దాన్ని బయటికి పోనివ్వదు, అంతే. బిగిస్తే నెత్తురు అందదు. వేడిని పట్టి ఉంచే గాలిపొర కూడా నలిగిపోతుంది. రెండో జత సాక్సులు వెచ్చదనం కోసం వేసి, ఆ వెచ్చదనాన్నే చంపుకున్నాను. అందుకే బాపుకు ఒక సైజు పెద్దది, అందులోనూ వెడల్పు రకం వెతికాను. కొనేముందు ఐసు మీద వేసుకోబోయే ఉన్ని సాక్సులతోనే తొడిగించి, ‘వేళ్లు ఆడుతున్నయా బాపూ?’ అని అడిగాను. రెండు దుకాణాల్లో ఆడలేదు. మూడోచోట ఆడాయి.

డబ్బా మీద మైనస్ నలభై అని రాసి ఉంటుంది. దాన్ని చూసి కొనకండి. అన్ని కంపెనీలూ ఒకే పద్ధతిలో పరీక్షించి వేసే అంకె కాదది, పైగా చాలాసార్లు నడిచే మనిషిని దృష్టిలో పెట్టుకుని వేస్తారు. లోపలి పొరకు రాసే 400, 800, 1200 గ్రాములు చదరపు మీటరుకు ఆ పొర బరువు. మంచులో తిరిగేవాడికి 400 సరిపోవచ్చు. గాలం వేసినవాడు కదలడు. కదలని కాలికి వెయ్యి పైనే కావాలి, లేదా మందపాటి ఫెల్టు లైనర్ కావాలి.

ఇంకో సంగతి, ఐసు మీద చలి అడుగు నుంచి ఎక్కుతుంది. అందుకే నేను ముందు అడుగు మందం చూస్తాను. అది చాలకపోతే కాళ్ల కింద ఫోమ్ ముక్క వేసుకోవాలి. ఆ ముక్క పరిస్తే బాపు వెంటనే గుర్తుపట్టాడు: ‘గోనెసంచి అన్నట్టు’. తడి కట్ట మీద ఆయన గోనెసంచి పరుచుకునే కూర్చునేవాడు.

పాదం చుట్టూ రబ్బరు ఉండాలి. మరతో ఐసుకు బొక్క పెట్టగానే నీళ్లు ఉబికి, తురిమిన ఐసుతో కలిసి బురదలా పాదాల చుట్టూ చేరతాయి. ఉత్త తోలు నానిపోతుంది. జారకుండా బూటు కింద ముళ్ల పట్టీ తొడగాలి. తేటగా ఉన్న కొత్త ఐసు నాలుగంగుళాలైనా లేకుండా మనిషి కాలు పెట్టకూడదన్నది ఇక్కడి ప్రభుత్వ సూచన. ఆ రోజు కొలిస్తే పన్నెండు ఉంది. ఎంత మంచి బూటయినా ఈ కొలత తర్వాతే.

అన్నిటికంటే మోసకారి చెమట. 1950 చలికాలంలో కొరియా యుద్ధంలో అమెరికా సైనికులు రబ్బరు అడుగున్న బూట్లతో కొండలెక్కారు. నడిచినంతసేపు పాదాలు చెమటలు పట్టాయి, ఆగగానే ఆ చెమట గడ్డకట్టింది. వేలమంది పాదాలు చెడిపోయాయి. ఆ తర్వాతే, చెమట తగలకుండా రెండు రబ్బరు పొరల మధ్య ఉన్నిని మూసేసిన లావుపాటి బూటు వచ్చింది. చూడటానికి కార్టూన్ బొమ్మ కాలిలా ఉండేసరికి దానికి మిక్కీమౌస్ బూటని పేరుపడింది. మనం చేయాల్సింది చిన్నదే. హీటరు వేసిన కారులో ఈ బూట్లు తొడగకుండా మామూలు చెప్పులతో వెళ్లి, చెరువు దగ్గర పొడి సాక్సులతో మార్చుకోవాలి. నూలు సాక్సులు మాత్రం వద్దు, అవి తడిని పట్టుకుని వదలవు.

మిల్ లాక్స్ సరస్సు మీద మైనస్ పద్దెనిమిదిలో బాపు మూడు గంటలు కూర్చున్నాడు. మధ్యమధ్య ‘వేళ్లు తెలుస్తున్నయా?’ అని అడుగుతూనే ఉన్నాను. పసుపుపచ్చ పర్చ్ చేప ఒకటి పడింది. దాన్ని అరచేతిలో తిప్పి చూసి, ‘కొర్రమట్టలుండయా?’ అన్నాడు. ఉండవు. 2002 నుంచి ప్రాణమున్న కొర్రమట్టను అమెరికాలోకి తేవడం నిషేధం. వినగానే ఆయన ముఖం చిన్నబోయింది.

రాత్రి ఇంటికొచ్చాక నేను చెప్పేలోపే ఆయన బూట్లలోంచి లైనర్లు బయటికి లాగాడు. తడిగా ఉన్నాయేమోనని చేత్తో నొక్కి చూశాడు. చిన్నప్పుడు మా ఇంట్లో నూలు వలలుండేవి. తడివి మూటగడితే కుళ్లిపోతాయని ఎంత అలసిపోయినా వెంటనే ఆరేసేవాడు. రెండు లైనర్లనూ నోరు తెరిచి హీటరు గాలి వచ్చే చోట గోడకు నిలబెట్టి, వాటి ముందు చాలాసేపు గొంతుకూర్చున్నాడు.