వాకిట్లో బుగ్గ కింద వాలిన రెక్కల పురుగు ఏం చెబుతోంది?



శివరాత్రి దాటి చలి తగ్గిందంటే మా ఇంటి ముందు కరెంటు బుగ్గ చుట్టూ రెక్కల పురుగులు ముసురుకుంటాయి. మాది ఎల్లారెడ్డి దగ్గర పల్లె. పోచారం నీళ్లు పారే వరి మడులు ఇంటికి ఆనుకునే ఉంటాయి. పొద్దుగాల లేవంగనే అమ్మ ఆ పురుగులను చీపురుతో ఊడ్చి పారేస్తది. "దీపం పురుగులే గదా బిడ్డా, గవాటిని చూసేదేముంది?" అంటది. నేనూ అట్లనే అనుకునేవాణ్ణి.

రెండేళ్ల కింద యాసంగిలో ఆ అనుకోవడమే నన్ను ముంచింది. వరి పొట్ట మీద ఉన్నప్పుడు గోడ మీద పసుపు రంగు పురుగులు బాగా వాలాయి. పట్టించుకోలేదు. కొన్నాళ్లకు పొలంలో తెల్ల కంకులు లేచాయి. పట్టి లాగితే ఊడి చేతికొచ్చాయి, అన్నీ తాలే. అప్పుడు ఉరికురికి అగ్నిఅస్త్రం రెండుసార్లు కొట్టాను. ఏం లాభం? పురుగు కాండం లోపల, కషాయం బయట! కౌలు పైసలు ఇంట్ల నుంచి కట్టాల్సి వచ్చింది. "కషాయాలతో పంట పండుతదా?" అని పక్క పొలం ఆయన అన్నాడు. తప్పు కషాయానిది కాదు, నాది. కబురు ఇంటి గోడ మీదికే వచ్చినా నేను చూడలేదు.

అప్పటి నుంచి మాఘం, ఫాల్గుణం రాత్రుళ్లు బుగ్గ వెనక తెల్ల ధోతి కట్టి ఏడు నుంచి పది దాకా చూస్తున్నాను. వాలినవాటిని ఫోన్‌లో ఫోటో తీస్తాను. వీడియోలో చూపించినవి ఇవే:

మొగి పురుగు: ఆడది ఎండుగడ్డి పసుపు రంగు. ముందు రెక్క ఒక్కోదాని మీద ఒక్కటే నల్ల చుక్క. తోక చివర నూగు కుచ్చు ఉంటుంది, ఆ నూగుతోనే గుడ్లను కప్పుతుంది. మగది చిన్నది, మట్టి రంగు.

ఆకుముడత పురుగు: ఇదీ పసుపే, కానీ చుక్క ఉండదు. రెక్కల మీద వంకర గీతలు, అంచున గోధుమ రంగు పట్టీ.

శనగపచ్చ పురుగు: లేత గోధుమ రంగు. ముందు రెక్క మధ్యలో నల్లటి మచ్చ, వెనక రెక్క అంచున వెడల్పు నల్ల పట్టీ. జుక్కల్, మద్నూర్ వైపు శనగ వేసేవాళ్లు దీన్ని గుర్తుపట్టాలి.

కత్తెర పురుగు: 2018లో కర్ణాటకలో మన దేశంలోనే మొదటిసారి కనబడి మక్కలను పట్టింది. మగదానికి ముందు రెక్క కొసన తెల్ల మచ్చ ఉంటుంది. ఆడది బూడిద రంగు, గుర్తుపట్టడం కష్టం.

వీపు మీద పుర్రె బొమ్మ లాంటి మచ్చతో లావుగా ఒకటి వస్తుంది. పట్టుకుంటే కీచుమంటుంది. మనిషిని ఏమీ చేయదు. దాని లద్దె పురుగు నువ్వుల ఆకు తింటుంది, నువ్వులు వేసినవాళ్లు చేను ఒకసారి చూసుకోండి.

పేరు తెలిస్తే ఏమొస్తది అంటారా? లింగాకర్షక బుట్టలో పెట్టే ఎర ఒక్కో పురుగుకు ఒక్కోటి. మక్క పురుగు ఎర తెచ్చి వరిలో పెడితే పైసలు దండగ.

ఈ యాసంగిలో పసుపు రెక్క, నల్ల చుక్క కనబడిన తెల్లారే పొలంలో దిగాను. ఆకుల కొసల దగ్గర నూగు కప్పిన గుడ్ల గుంపులు దొరికాయి. చదరపు మీటరుకు ఒక ఆడ తల్లి పురుగు గానీ ఒక గుడ్ల గుంపు గానీ ఉంటే ఆగొద్దు. గుడ్లున్న ఆకులు తెంపేశాం. ఎకరానికి 20 వేల గుడ్ల లెక్కన ట్రైకో కార్డులు వారానికొకసారి మూడు విడతలు కట్టాం. ట్రైకోగ్రామా జపానికమ్ అనే ఆ బుల్లి కందిరీగ మొగి పురుగు గుడ్డులోనే తన గుడ్డు పెడుతుంది. గుడ్డు పగిలి పిల్ల పురుగు కాండంలోకి దూరే లోపే, అంటే దాదాపు వారంలోనే, మన పని అయిపోవాలి. ఈసారి తెల్ల కంకులు అక్కడొకటి, ఇక్కడొకటి.

మొన్న కామారెడ్డి నుంచి మా బావమరిది రాత్రి ఫోటో పంపి, "బావా, కత్తెర పురుగొచ్చింది, మక్కలకు ఏం కొట్టాలె?" అన్నాడు. "ఏం కొట్టకు. పొద్దున మక్క సుడుల్లో చూడు. లద్దె పురుగు తల మీద తిరగేసిన వై గుర్తు, తోక దగ్గర నాలుగు చుక్కలు చతురస్రంగా ఉంటేనే అది కత్తెర పురుగు" అన్నాను. చేనంతా తిరిగినా ఒక్కటి దొరకలేదట. రెండు ట్యాంకుల కషాయం, ఒక రోజు కూలి మిగిలాయి. బుగ్గ కింద పురుగు హెచ్చరిక మాత్రమే, తీర్పు చేనుదే.

ఒక్క మాట. దీపపు ఎర తెల్లందాకా వెలిగించొద్దు. పచ్చటి పల్చని రెక్కలు, బంగారు కళ్లు ఉన్న అల్లిక రెక్కల పురుగు కూడా వెలుతురుకు వస్తుంది. దాని పిల్లలు పేనుబంకను తింటాయి. దాన్ని చంపుకుంటే మనకే నష్టం.

ఇప్పుడు మా అమ్మ చీపురు పట్టే ముందు పిలుస్తుంది: "ఒరేయ్, నల్ల చుక్కది వచ్చింది, జర చూడు!"

మీరూ ఈ రాత్రి ఒకసారి బుగ్గ కింద చూడండి.