కుక్కల కంతులు - దుకాణపు మందులు

ఇంటికుక్క వీపు నిమురుచుండగా చేతికి ఒక గడ్డ తగులును. పశువైద్యశాల దూరము, శస్త్రచికిత్స ఖర్చుతో కూడిన పని. మందుల దుకాణము మాత్రము వీధి చివరనే ఉన్నది. ఏలికపాముల మాత్రతో ఎవరి కుక్కకో కంతి కరగినదని ఒకరు చెప్పుదురు. నొప్పిమాత్ర మంచిదని మరియొకరు చెప్పుదురు. ఏలికపాముల మందులు, నొప్పిమాత్రలు, కడుపులో ఆమ్లమును తగ్గించు మాత్రలు, దురద మాత్రలు, పుట్టగొడుగుల పొడులు - ఇవన్నియు కుక్కల కంతులకు ప్రత్యామ్నాయ చికిత్సలుగా నేడు అనేక దేశములలో ప్రచారము పొందియున్నవి. వీనిలో కొన్నింటి వెనుక నిజమైన శాస్త్రవిషయము కలదు. కొన్నింటి వెనుక ఏమియు లేదు. మరికొన్ని కుక్క ప్రాణమునకే ముప్పు తెచ్చును. ఏది ఎట్టిదో తెలిసికొనుట ఎట్లు?

కంతులన్నియు ఒకటి కావు

శరీరమందలి కణములు అవసరమును మించి, అదుపు లేక విభజన చెందినపుడు కంతి ఏర్పడును. కొన్ని కంతులు పుట్టినచోటనే నిదానముగా పెరుగుచు హాని లేకుండ ఉండును. ముసలి కుక్కల చర్మము క్రింద మెత్తగా కదలు కొవ్వు కంతులు చాలవరకు ఇట్టివే. మరికొన్ని చుట్టునున్న భాగములలోనికి చొచ్చుకొనిపోయి, రక్తము ద్వారాను రసనాళముల ద్వారాను ఊపిరితిత్తులకు, కాలేయమునకు వ్యాపించును. ఇవియే కాన్సరు కంతులు. పైకి చూచినంత మాత్రమున, చేతితో తాకినంత మాత్రమున ఈ భేదము తెలియదు. వైద్యుడు సన్నని సూదిని గడ్డలోనికి గ్రుచ్చి, కొలది కణములను తీసి, గాజుపలకపై పరచి, రంగువేసి సూక్ష్మదర్శినిలో చూచును. చాల కంతుల స్వభావము ఈ చిన్న పరీక్షతోనే బయటపడును.

కంతి పేరు తెలియకముందే మందు వేసినచో ఏమగును? అది హాని లేని కంతియైనచో మందు అనవసరము. కాన్సరు కంతియైనచో మందు ఫలితమునకై వేచియున్న నెలలలో అది పెరిగి వ్యాపించును. మొదటి నెలలో సులభముగా కోసి తీయదగిన గడ్డ ఆరవ నెలలో తీయరానిది కావచ్చును.

తమంత తాము తగ్గు కంతులు

కుక్కలలో కొన్ని కంతులు ఏ మందును లేకుండనే మాయమగును. మూడేండ్లలోపు కుక్కలకు తలపైన, చెవులపైన, కాళ్లపైన బొత్తామువలె ఎఱ్ఱగా, వెండ్రుకలు లేక, ఒక చిన్న గడ్డ లేచుట కలదు. దీనిని హిస్టియోసైటోమా అందురు. చూచుటకు భయము గొల్పినను, కుక్క శరీరమందలి తెల్లరక్తకణములే దానిని ముట్టడించి, చాలవరకు రెండు మూడు నెలలలో కరగించివేయును.

వీధికుక్కలలో కనిపించు మరియొక కంతి ఇంకను విచిత్రమైనది. ఇది సంభోగమువలనను, వాసన చూచుట, నాకుటవలనను ఒక కుక్కనుండి మరియొక కుక్కకు అంటును. ఇచ్చట అంటునది సూక్ష్మజీవి కాదు. కంతి కణములే స్వయముగా ఒక కుక్కనుండి మరియొక దానికి పోయి నాటుకొనును. 1876లో నొవిన్‌స్కీ అను రష్యా దేశపు పశువైద్యుడు ఈ కంతి ముక్కను మరియొక కుక్కకు నాటి, అది పెరుగునని చూపెను. సాధారణముగా కుక్క కణములో 78 క్రోమోసోములుండగా ఈ కంతి కణములలో సుమారు 60 మాత్రమే ఉండును. వేల ఏండ్ల క్రిందట ఒక్క కుక్కలో పుట్టిన కణసంతతియే నేటికిని ఇట్లు ప్రపంచమంతట సాగుచున్నది. ఈ కంతి కూడ కొన్ని కుక్కలలో కొంతకాలము పెరిగి, తమంత తానే కుంచించుకొనిపోవును.

మాస్ట్ కణముల కంతి మరియొక విధముగ మోసగించును. ఈ కణములలో హిస్టమిన్ అను పదార్థము నిండియుండును. గడ్డను నొక్కినపుడు అది వెలువడి చుట్టును వాపు కలుగును. వాపు తీయగానే గడ్డ చిన్నదైనట్లు కనిపించును. ఇది నేడు పెద్దది, రేపు చిన్నది. చిన్నదైన దినమున ఏ మాత్ర వేసియుండిరో ఆ మాత్రకు కీర్తి దక్కును.

ఒక ఉదాహరణమును ఊహింపుడు. హిస్టియోసైటోమా గల పది కుక్కలకు పంచదార పొడిని రోజును పెట్టినారనుకొనుడు. మూడు నెలలలో తొమ్మిదింటికి గడ్డ పోయినది. పంచదార పదింట తొమ్మిదింటిని నయము చేసినదని చెప్పవచ్చునా? ఏమియు పెట్టని మరి పది కుక్కలను చూచినగాని చెప్పరాదు. వానిలోను తొమ్మిదింటికి గడ్డ పోయినచో పంచదార చేసినది శూన్యము. మందు ఇచ్చిన గుంపును మందు ఇవ్వని గుంపుతో పోల్చిచూచుట ఇందువలననే అవసరము.

ఏలికపాముల మందు చరిత్ర

ఇట్టి పోలికకు మంచి నిదర్శనము ఫెన్‌బెండజోల్. ఇది పశువులకు, కుక్కలకు ఏలికపాములు పోవుటకై ఇచ్చు మందు. పాఠశాలలలో పిల్లలకిచ్చు ఆల్బెండజోల్ కూడ ఈ కుటుంబమునకు చెందినదే. ప్రతి కణములోను ట్యూబ్యులిన్ అను మాంసకృత్తుతో ఏర్పడిన సన్నని నాళికలుండును. కణము రెండుగా చీలునపుడు క్రోమోసోములను చెరియొక వైపునకు లాగునవి ఈ నాళికలే. ఫెన్‌బెండజోల్ పురుగుల ట్యూబ్యులిన్‌ను గట్టిగా పట్టుకొని ఈ నాళికలు ఏర్పడకుండ చేయును. క్షీరదముల ట్యూబ్యులిన్‌ను అది అంత గట్టిగా పట్టజాలదు. కావుననే పురుగు చచ్చును, కుక్క బ్రతుకును.

కాన్సరు కణములు వేగముగా చీలుచుండును గదా, వాని నాళికలనుకూడ ఈ మందు చెడగొట్టవచ్చునని ఊహించుట సహజమే. గాజుపాత్రలలో పెంచిన కాన్సరు కణములపై మందును అధికముగా పోసినపుడు అవి దెబ్బతినినవి కూడ. మరి ప్రాణిలో?

అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున ప్రయోగములకై పెంచు ఎలుకలకు పురుగులు పోవుటకై ఫెన్‌బెండజోల్ కలిపిన మేత పెట్టగా, వానికి నాటిన కంతులు అనుకొనినట్లు పెరుగలేదు. ఆ మేతలో విటమినులు కూడ అధికముగా చేర్చబడియుండెను. కారణమేదో తేల్చుటకు శాస్త్రజ్ఞులు ఎలుకలను నాలుగు గుంపులు చేసిరి: మామూలు మేత, మందు మాత్రమే గల మేత, విటమినులు మాత్రమే గల మేత, రెండును గల మేత. 2008లో ప్రచురించిన ఫలితము ఇది: రెండును కలిపిన గుంపులో మాత్రమే కంతుల పెరుగుదల తగ్గినది; మందు ఒక్కటే పనిచేయలేదు. 2013లో యేల్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు మరియొక జాతి కంతిపై పరీక్షింపగా, ఎలుకల శరీరములో ఫెన్‌బెండజోల్ కంతి పెరుగుదలను ఆపలేదు.

గాజుపాత్రలో కణమునకు తగిలినంత మందు నోటితో తీసికొనినపుడు కంతికి చేరదు. ఫెన్‌బెండజోల్ ప్రేగులనుండి రక్తములోనికి చేరునది కొంచెమే. పురుగులకై కొలది దినములు వాడిన మందును నెలల తరబడి వాడుట వేరు విషయము. ఈ మందు వాడుకలో ఎముకలలోని మజ్జ దెబ్బతినిన కుక్క ఉదంతము పశువైద్య గ్రంథములకు ఎక్కినది.

పరీక్షకు నిలిచినవి

తెలిసిన మందులలో కాన్సరుకు పనికివచ్చునవి లేవని దీని భావము కాదు. పిరాక్సికామ్ అను కీళ్లనొప్పుల మందు ఇందుకు సాక్షి. నొప్పిని, వాపును కలిగించు ప్రోస్టాగ్లాండినులను తయారుచేయు ఎంజైము కొన్ని కంతులలో అధికముగా ఉండును. కంతి పెరుగుదలకు అది తోడ్పడును. ఈ మందు ఆ ఎంజైమును అణచును. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమున మూత్రాశయపు కాన్సరు గల 34 కుక్కలకు పిరాక్సికామ్ ఇచ్చి, కంతులను కొలిచి, 1994లో ఫలితములను ప్రకటించిరి. ఇద్దరింటిలో కాదు, నాలుగింటిలో కాదు, మొత్తము ఆరు కుక్కలలో కంతి తగ్గినది. వానిలో రెండింటిలో పూర్తిగా మాయమైనది. పెక్కింటిలో కంతి పెరుగక నిలిచియుండెను. కొన్నింటిలో పెరుగుచునే పోయినది. ఫలితము అద్భుతము కాదు, కాని నిజము. కనుకనే నేడు పశువైద్యులు ఈ వ్యాధికి దీనిని వాడుచున్నారు. అయినను ఇది కడుపులో పుండ్లు పుట్టింపగలదు. రక్తపరీక్షలు చేయుచు వైద్యుడు ఇయ్యవలసిన మందేగాని సొంతముగా పెట్టదగినది కాదు.

మన పెరళ్లలో పూయు బిళ్లగన్నేరు మరియొక సాక్షి. దీనిని మధుమేహమునకు వాడుదురని విని, కెనడాలో నోబుల్, బీర్ అను శాస్త్రజ్ఞులు పరీక్షింపగా ఎలుకల రక్తములో చక్కెర తగ్గలేదు, తెల్లకణములు తగ్గిపోయినవి. 1958లో వారు విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేసి ప్రకటించిరి. దాని వెనువెంట అదే మొక్కనుండి విన్‌క్రిస్టిన్ లభించినది. ఇదియు ట్యూబ్యులిన్‌నే పట్టుకొనును. కాని క్షీరదముల ట్యూబ్యులిన్‌ను కూడ గట్టిగా పట్టగలదు. వీధికుక్కల అంటుకంతికి వారమునకొకమారు చొప్పున కొన్ని వారములు నరములోనికి ఇచ్చు విన్‌క్రిస్టిన్ చాల కుక్కలను పూర్తిగా నయము చేయుచున్నది. అట్లని బిళ్లగన్నేరు ఆకు నూరి పెట్టరాదు. ఆకులో ఈ పదార్థము అత్యల్పము. దానితోపాటు విషపదార్థములు అనేకము కలవు. శుద్ధమైన మందు కూడ నరము వెలుపల పడినచో కండను కుళ్లించును.

కుక్క చిన్న మనిషి కాదు

మనిషికి ఇచ్చు మోతాదును బరువునుబట్టి తగ్గించి ఇచ్చినచో చాలునని పలువురు తలంతురు. ఇది పొరపాటు. మందును విరిచివేయు కాలేయపు శక్తి జాతికొక విధముగ ఉండును. నాప్రాక్సెన్ అను నొప్పిమాత్ర మనిషి రక్తములో సగమునకు తగ్గుటకు సుమారు 15 గంటలు పట్టును. కుక్కలో సుమారు మూడు దినములు పట్టును. రోజుకొక మాత్ర వేసినచో మొదటిది పోకమునుపే రెండవది, మూడవది చేరి విషమగును. ఐబుప్రొఫెన్ కుక్కలకు కడుపులో పుండ్లను, రక్తస్రావమును కలిగించి, మోతాదు మించినపుడు మూత్రపిండములను పాడుచేయును. పారాసెటమాల్ మోతాదు మించినచో కాలేయమును, ప్రాణవాయువును మోయు ఎఱ్ఱకణములను చెడగొట్టును. తీపికై జైలిటాల్ కలిపిన మాత్రలు కుక్క రక్తములో చక్కెరను ఒక్కసారిగా పడగొట్టును.

ఒకే జాతిలోను భేదములు కలవు. కోలీ మొదలగు కొన్ని రకముల కుక్కలలో మెదడులోనికి మందులు చొరకుండ కాపాడు మాంసకృత్తు లోపించియుండును. ఈ లోపమునకు మూలమైన జన్యువు మార్పును 2001లో కనుగొనిరి. ఇట్టి కుక్కకు ఐవర్‌మెక్టిన్‌ను అధికముగా ఇచ్చినచో అది మెదడునకు చేరి మరణమును కలిగింపవచ్చును.

ప్రెడ్నిసొలోన్ సంగతి వేరు. ఇది వైద్యుని చీటీపై అమ్మవలసిన మందు. రసగ్రంథుల కాన్సరు గల కుక్కకు ఇచ్చినచో గడ్డలు కొలది దినములలోనే కరగును. యజమాని సంతోషించును. కాని ఒకటి రెండు నెలలలో అవి తిరిగివచ్చును. అప్పుడు ఇతర కాన్సరు మందులకు సరిగా లొంగవు. మొదట సరియైన చికిత్స చేసియుండినచో దక్కెడి నెలలు ఇట్లు చేజారిపోవును.

పదునైదు, నూటయొకటి

చిన్న పరీక్షలు కూడ తొందరపడి నమ్మదగినవి కావు. ప్లీహములో పుట్టు రక్తనాళముల కాన్సరు కుక్కలకు మిక్కిలి ప్రమాదకరము. అమెరికాలో 15 కుక్కలకు ఒక పుట్టగొడుగునుండి తీసిన పొడిని ఇవ్వగా, కొన్ని అనుకొనినదానికంటె ఎక్కువ కాలము బ్రతికినవని 2012లో ప్రకటించిరి. పొడికి విశేషముగా ప్రచారము కలిగినది. పరిశోధన అంతటితో ఆగలేదు. 101 కుక్కలను గుంపులుగా చేసి, మామూలు కాన్సరు మందుతో పోల్చి, 2022లో ఫలితములను వెల్లడించిరి. మామూలు మందునకు పొడిని చేర్చుటవలన ఆయువు పెరుగలేదు. తమ ఆశకు విరుద్ధమైన ఫలితమును ప్రకటించుట కూడ శాస్త్రజ్ఞుల ధర్మమే.

చేయదగినది

దుకాణములో దొరకు మాత్రలకు కంతుల చికిత్సలో స్థానము లేకపోలేదు. మాస్ట్ కణముల కంతినుండి వెలువడు హిస్టమిన్ కడుపులో ఆమ్లమును పెంచి పుండ్లు పుట్టించును గనుక, వైద్యులు ఫామొటిడిన్ వంటి మాత్రలను, హిస్టమిన్‌ను అడ్డగించు మాత్రలను ఇచ్చుదురు. కాని ఇవి కుక్క బాధను తగ్గించుటకే. కంతిని తీయుటకు కావు. కంతికి శస్త్రచికిత్సయే ముఖ్యము.

నెలకొకమారు కుక్క శరీరమంతయు, ఆడుకుక్కయైనచో పొదుగు వరుసలను కూడ చేతితో తడిమి చూడవలెను. గడ్డ కనిపించినచో తేదీని, చోటును, కొలతను వ్రాసియుంచవలెను. పెరుగుచున్నను, పగిలినను, నెలకు మించి నిలిచియున్నను సూదిపరీక్ష చేయింపవలెను. ఇంటిలో ఏదైన మాత్ర అప్పటికే పెట్టియున్నచో దానిని వైద్యునికి దాచక చెప్పవలెను. కుక్క తనకేమి కావలెనో చెప్పజాలదు, పెట్టినది తినును. కావున దాని నోటిలో మాత్ర వేయువారు ముందుగా రెండు ప్రశ్నలు అడుగవలెను: ఈ కంతి ఏది? మందు వేయకున్నను ఇది తగ్గెడిదేనా? వీనికి సమాధానము సూక్ష్మదర్శిని క్రింద, పోల్చిచూచిన లెక్కలలో దొరకును; ఇరుగుపొరుగు మాటలలో దొరకదు.